కూజాకు తొడిగిన సంచి

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, నేను కరువు భత్యం బకాయిల గురించో, పే రివిజన్ గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ లెక్కలు నాకంటే బాగా తెలిసినవారు మనలో ఎందరో ఉన్నారు. నేను మాత్రం మనవైపు ఎవరూ అంతగా పట్టించుకోని ఒక విషయం చరిత్ర రాయదలచాను. ఒళ్ళంతా కప్పే రక్షణ దుస్తులు వేసుకొని పనిచేసే మనిషిని లోపల చల్లగా ఉంచడమెలా, అందుకు లోకంలో ఇంతవరకూ ఏయే ప్రయత్నాలు జరిగాయి, అవి మనదాకా ఎంతవరకు వచ్చాయి అన్నదే ఆ విషయం. నేను ఇంజనీరును కాను, డాక్టరునూ కాను. ఎల్.డి.సి.గా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన గుమాస్తాను. అయినా ఇది రాయడానికి నాకొక సొంత కారణం ఉంది. అది ముందు చెబితేగాని మిగతాది అతకదు.

ఒక పాత ఫైలు

1976 సంగతి. ఏలూరులో నేను పనిచేస్తున్న ఒక కార్యాలయానికి పైర్లకు పురుగుమందు కొట్టించే పనితో సంబంధం ఉండేది. మందు కొట్టే కూలీలకు రబ్బరు పూత వేసిన కోటు, చేతి తొడుగులు, గమ్ బూట్లు సరఫరా అయ్యేవి. వాటి ఇండెంట్లు, స్టాకు రిజిస్టరు నా సీటులోనే ఉండేవి. మార్చి నెలలో, దాళ్వా పైరుకు మందు కొడుతూ కొల్లేటి అంచున ఒక గ్రామంలో ఒక కూలీ పడిపోయాడు. మందు ఒంటికి ఎక్కింది. ప్రాణం దక్కింది గాని ఆ సీజనంతా పనికి పోలేకపోయాడు. ఏదైనా సహాయం ఇప్పించమని వేలిముద్ర వేసిన అర్జీ ఒకటి వచ్చింది.

ఆ అర్జీ మీద నోట్ పెట్టింది నేనే. 'సదరు వ్యక్తికి రక్షణ దుస్తులు సరఫరా చేయడమైనది. అతడు వాటిని ధరించలేదు. కనుక బాధ్యత అతనిదే' అని స్టాకు రిజిస్టరు పేజీ నంబరుతో సహా రాశాను. పైవారు సంతకం చేశారు. అర్జీ తిరస్కరించబడినది.

కొన్నాళ్ళకు అతను ఆఫీసు వరండాలోకి వచ్చి సంగతేమైందని అడిగాడు. చెప్పాను. కోపం తెచ్చుకోలేదు. "అది తొడుక్కొని అరెకరం కొట్టేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి బాబూ. మందు చంపుద్దో లేదో గాని, ఆ కోటు ముందు చంపేలా ఉంది. అందుకే తీసి గట్టుమీద పెట్టాను" అన్నాడు. నేను విని ఊరుకున్నాను. ఫైలు అప్పటికే మూసేశాం. నేను రాసిన నోట్ అబద్ధం కాదు, కాని నిజంలో సగమే. మిగతా సగం అతను వరండాలో చెప్పాడు. అది ఏ ఫైలులోకీ ఎక్కలేదు.

ఈ మాట నలభై నాలుగేళ్ళు నాలో ఒక మూల పడి ఉంది. 2020లో మా ఇంట్లోనే మళ్ళీ వినిపించింది. అది తర్వాత చెబుతాను.

కూజా చెప్పే పాఠం

మనం సర్వీసులో చేరిన రోజుల్లో ఆఫీసుల్లో ఏసీలు లేవు. వేసవి వస్తే పెద్ద ఆఫీసర్ల గదుల కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. బంట్రోతు గంటగంటకూ వాటిమీద నీళ్ళు చల్లేవాడు. మన గుమాస్తాల గదిలో మూల ఒక మట్టికూజా ఉండేది. రెండింటి సూత్రమూ ఒకటే. నీరు ఆవిరవుతూ తనతోపాటు వేడిని పట్టుకుపోతుంది. కూజా చెమరుస్తుంది కనుకనే లోపలి నీళ్ళు చల్లబడతాయి.

మన ఒళ్ళూ ఒక కూజాయే. కష్టపడి పనిచేసే మనిషి ఒంట్లో గంటకు సుమారు 300 కిలో కేలరీల వేడి పుడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. అంటే గంటకు అరలీటరు చెమట ఆరితే చాలు, మనిషి నిలబడతాడు. ఇక్కడ 'ఆరితే' అన్న మాట ముఖ్యం. కారిపోయిన చెమట వల్ల చల్లదనం రాదు, దాహం మాత్రం వస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండకన్నా, కొల్లేటివైపు గాలి ఆడని రోజు ఉక్క మనల్ని ఎక్కువ బాధపెట్టడానికి కారణం ఇదే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమటకు ఆరే చోటుండదు.

ఇప్పుడు ఆ కూజాకు ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి బిగించి కట్టండి. ఒక పూట చూడండి. కూజా చెమరుస్తుంది, సంచి లోపల తడి నిలుస్తుంది, నీళ్ళు మాత్రం చల్లబడవు. రక్షణ దుస్తులు వేసుకున్న మనిషి పరిస్థితి అదే. విషం లోపలికి రాకూడదని కుట్టిన దుస్తు, చెమట ఆవిరిని బయటకు పోనివ్వదు. ఒంటి వేడి 37 డిగ్రీల నుంచి రెండు మూడు డిగ్రీలు పెరిగితే చాలు, ముందు తల తిరుగుతుంది, తర్వాత తెలివి తప్పుతుంది, దాటితే వడదెబ్బే. ఆ కూలీ నాతో చెప్పింది ఫిజియాలజీ పాఠం. నాకు అప్పుడు తెలియలేదు.

గనుల నుంచి చంద్రుని దాకా

ఈ సమస్యను మొదట గట్టిగా ఎదుర్కొన్నవారిలో లోతైన గనుల్లో పనిచేసేవారు ఉన్నారు. భూమిలోకి దిగినకొద్దీ రాతి వేడి పెరుగుతుంది. మనకు దగ్గరలో కోలారు బంగారు గనులుండేవి. చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్ళిన తెలుగువారు అక్కడ తరతరాలు పనిచేశారు. 2001లో మూతపడిన ఆ గనుల్లో ఛాంపియన్ రీఫ్ అనేది మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. ఆ లోతున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లోనూ ఇదే బాధ. అక్కడ వడదెబ్బ మరణాలు ఎక్కువకావడంతో, కొత్తగా చేరిన కూలీని ఒకేసారి పూర్తి పనిలోకి దించకుండా, కొన్నిరోజులు కొద్దికొద్దిగా వేడికి అలవాటు చేసే పద్ధతి తెచ్చారు. 1970లలో మరో అడుగు వేసి, గడ్డకట్టించిన నీటి అరలు కుట్టిన జాకెట్టును గని కార్మికులకు తొడిగి పరీక్షించారు. ఒంటికి ఐసు కట్టుకొని పనిచేయడం అన్నమాట.

రెండో దారి విమానాల నుంచి వచ్చింది. మన తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిషువారు వేసిన రన్‌వే మనందరికీ తెలిసినదే. అటువంటి ఉష్ణదేశాల రన్‌వేల మీద, మూసిన గాజుకప్పు కింద, మందపాటి దుస్తుల్లో కూర్చునే పైలట్లు ఇంకా విమానం లేవకముందే ఉడికిపోయేవారు. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఉన్న రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే సంస్థలో 1960ల మొదట్లో దీనికి ఒక మందు కనిపెట్టారు. లోదుస్తుకు సన్నని గొట్టాలు కుట్టి, వాటిలో చల్లని నీటిని తిప్పారు. గాలికన్నా నీరు ఎన్నోరెట్లు వేగంగా వేడిని లాగుతుంది కనుక ఇది బాగా పనిచేసింది.

దీని అవసరం అమెరికావారికి ఒక ప్రమాదం అంచున తెలిసివచ్చింది. 1966 జూన్‌లో జెమిని 9 యాత్రలో యూజీన్ సెర్నన్ అనే వ్యోమగామి నౌకలోంచి బయటికి వచ్చి రెండు గంటలకు పైగా పనిచేశాడు. అతని దుస్తులో చల్లదనానికి గాలిని మాత్రమే వదిలారు. పని మొదలుపెట్టగానే ఒళ్ళు కాగిపోయి, గుండె దడదడలాడి, చెమట ఆవిరి ముఖం ముందున్న అద్దాన్ని కప్పేసింది. ఏమీ కనిపించక తడుముకుంటూ లోపలికి వచ్చాడు. తర్వాత అపోలో యాత్రల వ్యోమగాములకు నీటిగొట్టాల లోదుస్తు ఇచ్చారు. 1969 జూలైలో చంద్రునిపై దిగినవారు వేసుకున్నది అదే. ఇప్పటి వ్యోమగాముల లోదుస్తులో సుమారు 90 మీటర్ల సన్నగొట్టం ఉంటుంది.

ఇందులో నాకు ముచ్చటేసిన సంగతి ఒకటుంది. ఒంటి వేడిని లాక్కున్న ఆ నీరు వీపుమీది పెట్టెలోకి వెళ్ళి, అక్కడ చల్లబడి మళ్ళీ తిరిగి వస్తుంది. ఆ పెట్టెలో చల్లబరిచేది మరికొంచెం నీరే. అది సన్నరంధ్రాల లోహపు పలకమీద గడ్డకట్టి, శూన్యంలోకి ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. చివరకు చంద్రుని మీద కూడా మనిషిని కాపాడింది మన కూజా సూత్రమే.

బరువే అసలు చిక్కు

చంద్రుని మీద బరువు ఆరోవంతు. మన పొలంగట్టు మీద ఆ సౌకర్యం లేదు. ఈ చరిత్రంతా నిజానికి బరువుతో పెనుగులాట.

దీన్ని మన కొల్లేటివైపు చేపల ప్యాకింగు చేసేవారిని అడిగితే ఇంజనీర్లకన్నా బాగా చెబుతారు. కైకలూరు, ఆకివీడుల నుంచి కలకత్తాకు పోయే చేపల లారీలో చేప ఒక్కటే పోదు, దానితో ఐసు కూడా పోతుంది. దూరం పెరిగినకొద్దీ ఐసు పెరుగుతుంది, ఐసు పెరిగినకొద్దీ చేపకు చోటు తగ్గుతుంది. మనిషి విషయంలోనూ అదే లెక్క. కిలో ఐసు కరగడానికి 80 కిలో కేలరీల వేడి తీసుకుంటుంది. ఆ కరిగిన నీరు ఒంటి వేడికి చేరేలోపు మరో ముప్పై తీసుకుంటుందనుకుందాం. పనిచేసే మనిషి గంటకు 300 పుట్టిస్తాడు. కనుక గంటకు మూడు కిలోల ఐసు కావాలి. అందులో కొంత చల్లదనం బయటి గాలికి పోతుంది కనుక ఇంకా ఎక్కువే కావాలి. నాలుగు గంటల పనికి పన్నెండు కిలోల పైమాటే. అంత బరువు మోయడానికి మళ్ళీ కష్టపడాలి, ఆ కష్టానికి మళ్ళీ వేడి పుడుతుంది. చెమట ఆరితే 580, ఐసు కరిగితే 80. దేవుడిచ్చిన యంత్రానికి, మనం చేసిన యంత్రానికి ఉన్న తేడా ఆ రెండంకెల్లో ఉంది.

ఐసుతో మరో ఇబ్బంది, అది మరీ చల్లన. చర్మానికి నేరుగా తగిలితే పైనున్న రక్తనాళాలు ముడుచుకుపోయి, లోపలి వేడి బయటికి రావడం తగ్గుతుంది. అందుకని కొందరు మైనం వంటి పదార్థాలను ఎంచుకున్నారు. కొన్ని మైనాలు 28 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కిలోకు సుమారు 50 కిలో కేలరీలే తీసుకుంటాయి గాని, చర్మానికి హాయిగా ఉంటాయి. కరిగినదాన్ని మళ్ళీ గట్టిపరచడానికి ఫ్రీజరు అక్కర్లేదు, చల్లని నీళ్ళ బకెట్టు చాలు. కరెంటు పోయే ఊళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు.

కర్మాగారాల్లో ఇంకో ఉపాయం వాడతారు. ఫ్రాన్సు దేశస్థుడు రాంక్ 1930లలో కనిపెట్టగా, జర్మనీ దేశస్థుడు హిల్ష్ 1947లో మెరుగుపరచిన ఒక చిన్న గొట్టం ఉంది. అదిమిన గాలిని దానిలోకి పక్కనుంచి వదిలితే సుడి తిరిగి, ఒక కొస నుంచి వేడిగాలి, రెండో కొస నుంచి చల్లగాలి వస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఆ చల్లగాలిని దుస్తులోకి వదులుతారు. బరువు దాదాపు లేదు గాని, మనిషి వెనకాల కంప్రెసరు గొట్టం ఈడ్చుకుంటూ తిరగాలి. తాడు కట్టిన గేదెలాగా ఆ తాడున్నంత మేరే మేత. పొలంలో, ఆసుపత్రి వార్డులో అది కుదరదు.

జపానులో సోనీ కంపెనీలో ఇంజనీరుగా చేసిన ఇచిగాయా హిరోషి అనే పెద్దమనిషి మన తడికల దారినే పట్టాడు. చల్లదనాన్ని మోసుకెళ్ళడమెందుకు, చెమటనే ఆరనిద్దాం అని, చొక్కాకు రెండు చిన్న ఫ్యాన్లు బిగించి 2004లో కంపెనీ పెట్టాడు. ఈనాడు జపానులో కట్టడపు పనివారు అవి వేసుకొని తిరుగుతారు. అయితే చుట్టూ ఉన్న గాలే విషమైనప్పుడు ఆ గాలిని లోపలికి ఊదడం కుదరదు. ముందు దాన్ని వడపోయాలి.

మా ఇంట్లో విన్న మాట

2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు అక్కడి వైద్య సిబ్బంది నిండు కవచంలో గంటకు మించి ఉండలేకపోయారు. పేపర్లో చదివి అయ్యో అనుకున్నాం. ఆరేళ్ళకు అది మన గుమ్మంలోకే వచ్చింది. మన దేశంలో పి.పి.ఇ. కిట్లు 2020 మొదట్లో తయారయ్యేవే కావు. మే నెల వచ్చేసరికి రోజుకు రెండు లక్షలకు పైగా కుట్టారు. రక్తం వంటి ద్రవం లోపలికి దిగుతుందో లేదో కోయంబత్తూరులోని సిట్రా సంస్థ పరీక్షించి ముద్ర వేసేది. అది పెద్ద విజయమే, కాదనను. ద్రవం లోపలికి రాకుండా చూశాం. లోపలి మనిషి సంగతి తర్వాత చూద్దామనుకున్నాం.

మా కోడలు స్టాఫ్ నర్సు. 2020 జూలై, ఆగస్టుల్లో కోవిడు వార్డులో డ్యూటీ. శ్రావణమాసపు ఉక్క మీకు తెలిసిందే. గాలి ఒకచోటే తిరగకూడదని ఆ రోజుల్లో చాలాచోట్ల ఏసీలు వేయడానికి కూడా సంకోచించారు. మధ్యలో విప్పితే మళ్ళీ కొత్త కిట్టు కావాలి కనుక, డ్యూటీకి ముందు మంచినీళ్ళు కూడా తాగేది కాదు. ఇంటికి వచ్చాక పెరట్లోనే స్నానం చేసి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చునేది. ఒకరోజు నేను దూరంగా కుర్చీ వేసుకొని, "రోగుల దగ్గరికి పోవాలంటే భయం వేయడం లేదా అమ్మా?" అని అడిగాను.

"రోగుల దగ్గర భయం లేదు మామయ్యగారూ. ఆ జిప్పు పైకి లాగేటప్పుడే భయం. చెమటంతా చేతి తొడుగుల్లోకి దిగి వేళ్ళ చివర నిలబడుతుంది. రెండో గంటకు కళ్ళు బైర్లు కమ్ముతాయి. జబ్బుకన్నా ముందు ఈ సంచే చంపేలా ఉంది" అంది.

నాకు నోట మాట రాలేదు. కొల్లేటి అంచున ఒక కూలీ, ఏలూరులో చదువుకున్న నర్సు, నలభై నాలుగేళ్ళ తేడాతో దాదాపు అవే మాటలు. కోడలు కిట్టు విప్పేసి ఉంటే, ఏదైనా జరిగి ఉంటే, ఎక్కడో ఒక గుమాస్తా 'సదరు ఉద్యోగికి కిట్టు సరఫరా చేయడమైనది, ఆమె ధరించలేదు' అని రాసి ఉండేవాడు. పేజీ నంబరు కూడా సరిగ్గానే వేసి ఉండేవాడు.

ఆ రోజునుంచి ఈ విషయం మీద ఎక్కడ ఏది కనబడినా కత్తిరించి దాచడం మొదలుపెట్టాను.

మనవాళ్ళ ప్రయత్నాలు

2021 మే నెలలో నా కత్తిరింపుల్లో చేరింది ముంబయి కుర్రవాడి కథ. నిహాల్ సింగ్ ఆదర్శ్ అనే ఇంజనీరింగు విద్యార్థి తల్లి డాక్టరు. కిట్టులో ఆమె పడే బాధ చూసి, నడుముకు కట్టుకునే ఒక చిన్న పరికరం చేశాడు. అది బయటి గాలిని వడపోసి లోపలికి ఊదుతుంది. బ్యాటరీ ఆరు నుంచి ఎనిమిది గంటలు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైన్సు శాఖ సాయం చేసింది. అప్పటి ధర 5,499 రూపాయలు. తల్లి కష్టం చూసి కొడుకు కనిపెట్టాడు. నేను కోడలి కష్టం చూసి పేపరు కత్తిరించాను. ఎవరి శక్తి వారిది.

హైదరాబాదులో జార్ష్ అనే సంస్థ స్థాపించిన యువకులు కర్మాగారాల పనివారి కోసం బ్యాటరీతో నడిచే ఏసీ హెల్మెట్టు చేశారు. 2023లో రాచకొండ పోలీసు కమిషనరేటులో ట్రాఫిక్ సిబ్బందికి ఏసీ హెల్మెట్లు ఇచ్చి పరీక్షించారు. ఎండలో నాలుగు రోడ్ల కూడలిలో నిలబడే కానిస్టేబులు తల చల్లబడితే మంచిదే. అయితే తల చల్లబడినంత మాత్రాన ఒళ్ళంతా చల్లబడదు. తలకు హాయిగా ఉందని మనిషి తన శక్తికి మించి పనిచేసే ప్రమాదమూ ఉంది. పైగా బ్యాటరీ కూడా బరువే.

నాకు వీటన్నిటికన్నా ఎక్కువ ఆశ కల్పించింది మూడో దారి. దుస్తుకు యంత్రం తగిలించడం కాదు, దుస్తు గుడ్డనే మార్చడం. కాన్పూరులోని రక్షణశాఖ ప్రయోగశాల ఒకటి, మన సైన్యానికి విషవాయువుల నుంచి కాపాడే దుస్తును, గాలి ఆడే గుడ్డతో తయారుచేసింది. అందులో ఉత్తేజిత బొగ్గు ఉంటుంది. గాలి, చెమట ఆవిరి దాటిపోతాయి, విషం మాత్రం బొగ్గుకు పట్టుకుంటుంది. పాతకాలపు రబ్బరు దుస్తుతో పోలిస్తే సిపాయికి ఇది ఎంతో మేలు.

ఇక 2024 డిసెంబరు 17న ఢిల్లీలో 'కిసాన్ కవచ్' అనే దుస్తును విడుదల చేశారు. బెంగుళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థలో ప్రవీణ్‌కుమార్ వేముల బృందం ఏళ్ళ తరబడి చేసిన కృషి అది. 2018లో వారు చర్మానికి రాసుకునే ఒక లేపనంతో మొదలుపెట్టారు. తర్వాత అదే గుణాన్ని గుడ్డకు ఎక్కించారు. ఆ గుడ్డ పురుగుమందును కేవలం అడ్డుకోదు, తగిలిన మందును అక్కడికక్కడే విరగ్గొట్టి విషగుణం పోగొడుతుంది. ఉతికి మళ్ళీ వాడుకోవచ్చు, సుమారు ఏడాది వస్తుంది. విడుదలనాటి ధర 4,000 రూపాయలు. రబ్బరు గోడ కట్టక్కర్లేదు, గుడ్డే కాపలా కాస్తుంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గట్టుమీద విప్పి పెట్టిన ఆ రబ్బరు కోటు గుర్తుకు వచ్చింది.

ఇంకా మిగిలి ఉన్నది

ఇదంతా చూస్తే ఒకటి తేలుతోంది. చల్లదనాన్ని మోసుకుపోవడం ఒక దారి, యంత్రంతో తిప్పడం రెండో దారి, చెమటను ఆరనివ్వడం మూడో దారి. మొదటిది బరువు, రెండోది ఖరీదు, మూడోది అన్ని విషాలకూ పనికిరాదు. అన్ని చోట్లకూ సరిపోయేది ఒకటి ఇంకా రాలేదు. రావాలంటే మన ఉక్కలో, మన పనివారిమీద పరీక్షించాలి. చలిదేశపు గదిలో బాగున్న జాకెట్టు కొల్లేటి గట్టుమీద బాగుంటుందని నమ్మకం లేదు. 2015 మే నెల వడగాడ్పుల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. వారిలో చాలామంది మామూలు బట్టల్లోనే ఉన్నారు. కవచం వేసుకున్నవారి సంగతి వేరే చెప్పాలా? 2022 ఏప్రిల్‌లో ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో రసాయనాల కర్మాగారం అంటుకొని ప్రాణాలు పోయాయి. అటువంటి చోట మంటల్లోకి వెళ్ళే అగ్నిమాపక సిబ్బంది దుస్తులు, గాలి సిలిండరు కలిసి ఎంత బరువో, అది ఏ నెలో తలచుకోండి.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. నడుస్తోంది. దగ్గరలో వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట యంత్రాలు తెలిసిన పిల్లలు, ఇంకోచోట మందు కొట్టడం తెలిసిన శాస్త్రజ్ఞులు, చుట్టూ ఐసు ఫ్యాక్టరీలు, నడుమ కావలసినంత ఉక్క. ఈ పరిశోధనకు ఇంతకన్నా అనువైన చోటు నాకు కనబడదు. మన సభ్యుల మనుమలు, మనుమరాళ్ళు ఎందరో ఇంజనీరింగు చదువుతున్నారు. ప్రాజెక్టు పనికి విషయం దొరకలేదని వాళ్ళు అన్నప్పుడు ఈ వ్యాసం చేతికివ్వండి.

యంత్రం వచ్చేలోపు ఖర్చులేనివి కూడా కొన్ని ఉన్నాయి. గనులవారు కనిపెట్టిన పద్ధతి, అంటే కొత్తవాడిని వారం పది రోజులు కొద్దికొద్దిగా వేడికి అలవాటు చేయడం. మందు కొట్టడం పొద్దున్నే ముగించడం. కవచంలో ఉండే సమయానికి హద్దు పెట్టి, పాళీ మార్చడం. ముందే నీళ్ళు తాగించడం, విప్పాక నీడలో కూర్చోబెట్టడం. మన వయసువారికీ ఒక మాట. పెద్దతనంలో చెమట తక్కువ పడుతుంది, దాహమూ సరిగా తెలియదు. మన కూజా పాతదైపోయింది. అందుచేత ఎండాకాలంలో దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతుండండి.

చివరగా ఒక గుమాస్తాగా నా సూచన. మన స్టాకు రిజిస్టరులో 'సరఫరా చేసిన తేదీ' అనే గడి ఉంటుంది. దాని పక్కన ఇంకొక గడి గీయాలి. 'ఇది వేసుకొని మే నెలలో ఎంతసేపు పనిచేయగలరు?' అని. ఆ గడి పూరించకుండా ఎవరూ 'ధరించలేదు' అని రాయకూడదు. ధరించలేదా, ధరించలేకపోయాడా? తెలుగులో ఆ రెంటికీ తేడా కొద్ది అక్షరాలే. 1976లో నేను వదిలేసింది ఆ కొద్ది అక్షరాలనే.

అతను ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఫైలు కాలపరిమితి దాటి ఎప్పుడో ధ్వంసమై ఉంటుంది. కనుక అతను వరండాలో చెప్పిన మాటను ఆలస్యంగానైనా ఈ సంచికలో నమోదు చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
ఏలూరు.